అమెరికాలో నర్సు కావాలంటే ఏ అసోసియేట్ డిగ్రీ? ఎలా పోల్చి చూసుకోవాలి?

నెలకి ఒక్కరైనా ఫోన్ చేసి ఇదే అడుగుతారు. "అక్కా, మా ఇంటి దగ్గర కాలేజీలో ఏఏఎస్ నర్సింగ్ ఉంది. ఇంకో నలభై నిమిషాలు డ్రైవ్ చేస్తే ఏఎస్‌ఎన్ ఉందట. ఏది మంచిది?" ఆ రెండూ నర్సింగ్‌లో రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీలే. అడిగేవాళ్ళలో ఎక్కువమంది ముప్పై దాటినవాళ్ళు, పిల్లలు బడికి వెళ్ళడం మొదలయ్యాక మళ్ళీ చదువుకుందామనుకునే మన ఆడవాళ్ళు. ఈమధ్య ఐటీ ఉద్యోగం పోయిన మగవాళ్ళు కూడా అడుగుతున్నారు.

నేను టెక్సస్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళ నర్సింగ్ చదివి ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) అయ్యాను. తర్వాత ఉద్యోగం చేస్తూనే బీఎస్‌ఎన్, అంటే నర్సింగ్‌లో బ్యాచిలర్స్ డిగ్రీ, పూర్తి చేశాను. అయితే అంతకుముందు వేరే రాష్ట్రంలో, వేరే కాలేజీలో మూడు సెమిస్టర్లు నాకు అక్కర్లేని డిగ్రీ చదివాను. దాని పేరు అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్, ప్రీ నర్సింగ్. పేరులో నర్సింగ్ ఉంది కాబట్టి అది పూర్తయితే నర్సునైపోతానని నమ్మాను. లైసెన్సు పరీక్షకి ఎప్పుడు అప్లై చేసుకోవాలని అడిగిన రోజున, ఈ డిగ్రీతో ఆ పరీక్ష రాసే అర్హతే రాదని చెప్పారు. ఆ రోజు పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చుని ఏడ్చాను. చదివిన సబ్జెక్టుల్లో కొన్ని తర్వాత పనికొచ్చాయి గానీ ఆ ఏడాదిన్నర తిరిగి రాలేదు. అలాంటి ఏడాదిన్నర మీకు పోకూడదని ఇదంతా వివరంగా రాస్తున్నాను.

మొదటి పని: చదువు చివర ఏ పరీక్ష రాయనిస్తారో చూడండి

అమెరికా ఆసుపత్రుల్లో మనం "నర్సు" అని పిలిచేవాళ్ళలో మూడు రకాల ఉద్యోగాలు కలిసిపోయి ఉంటాయి. సీఎన్‌ఏ అంటే నర్సింగ్ అసిస్టెంట్. కొన్ని వారాల ట్రైనింగ్, ఒక సర్టిఫికెట్, అంతే. ఎల్‌పీఎన్ అంటే లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్సు, సుమారు ఏడాది చదువు. టెక్సస్, కాలిఫోర్నియాల్లో వీళ్ళనే ఎల్‌వీఎన్ అంటారు. వీళ్ళు రాసేది ఎన్‌క్లెక్స్-పీఎన్ అనే పరీక్ష. మూడోది ఆర్‌ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు. వీళ్ళు రాసేది ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్. జీతాల్లో తేడా చాలానే ఉంది. అమెరికా కార్మిక గణాంకాల శాఖ 2024 మే లెక్కల్లో ఆర్‌ఎన్‌ల మధ్యస్థ వార్షిక జీతం 93,600 డాలర్లు, ఎల్‌పీఎన్‌లది 62,340 డాలర్లు.

అసోసియేట్ డిగ్రీ అంటే రెండేళ్ళ డిగ్రీ. ఒకే కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్‌కి సంబంధించినట్టు కనిపించే అసోసియేట్ డిగ్రీలు నాలుగైదు ఉంటాయి. వాటిని రెండు కుప్పలుగా విడదీసుకోండి.

ఒక కుప్పలో ఏఏఎస్ (అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్) ఇన్ నర్సింగ్, ఏఎస్ (అసోసియేట్ ఆఫ్ సైన్స్) ఇన్ నర్సింగ్, ఏఎస్‌ఎన్, ఏడీఎన్ ఉంటాయి. వీటిలో క్లినికల్స్ ఉంటాయి, అంటే ఆసుపత్రిలో రోగుల దగ్గర నేర్చుకునే గంటలు. పూర్తయితే ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ రాయొచ్చు. రెండో కుప్పలో అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్ ప్రీ నర్సింగ్, అసోసియేట్ ఆఫ్ సైన్స్ హెల్త్ సైన్సెస్, "నర్సింగ్ ట్రాన్స్‌ఫర్ ట్రాక్" లాంటివి ఉంటాయి. ఇవి తర్వాత నాలుగేళ్ళ యూనివర్సిటీకి మారి బీఎస్‌ఎన్ చదవాలనుకునేవాళ్ళ కోసం. ఇవి చెడ్డ డిగ్రీలేమీ కావు, వాటి ఉద్దేశమే వేరు. వాటిలో ఒక్క రోజు కూడా రోగి దగ్గర నిలబడరు, చివర్లో లైసెన్సు పరీక్ష ఉండదు.

కాలేజీ వెబ్‌సైట్‌లో ఆ ప్రోగ్రాం పేజీ తెరవండి. "ఈ ప్రోగ్రాం పూర్తిచేసినవారు ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ రాయడానికి అర్హులు" అనే అర్థం వచ్చే వాక్యం అక్కడ ఉండి తీరాలి. లేకపోతే నర్సింగ్ డిపార్ట్‌మెంటుకి ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. అడ్మిషన్ల కౌంటర్లో నోటి మాటగా చెప్పింది నమ్మి ఫీజు కట్టకండి. నేను ఆ పనే చేశాను.

ఏఏఎస్, ఏఎస్, ఏఎస్‌ఎన్, ఏడీఎన్: తేడా ఎక్కడుంది

ఏడీఎన్ అనేది వాడుకలో ఉన్న ఉమ్మడి పేరు. అసోసియేట్ డిగ్రీ ఇన్ నర్సింగ్ అని దాని అర్థం. మీ పట్టా మీద అచ్చయ్యేది చాలా చోట్ల ఏఏఎస్ అనో, ఏఎస్ అనో, ఏఎస్‌ఎన్ అనో ఉంటుంది. ఏది అవుతుందనేది ఎక్కువగా రాష్ట్రం అలవాటును బట్టి ఉంటుంది. టెక్సస్ కమ్యూనిటీ కాలేజీల్లో ఎక్కువ ఏఏఎస్. న్యూయార్క్ నగర యూనివర్సిటీ కింద ఉన్న కమ్యూనిటీ కాలేజీల్లోనూ అంతే. ఫ్లోరిడాలో మయామీ డేడ్, వలెన్సియా కాలేజీలు ఇచ్చేది ఏఎస్. ఇవన్నీ ఏడీఎన్ ప్రోగ్రాములే, అన్నింటి చివర ఉండేది ఒకటే పరీక్ష, ఒకటే లైసెన్సు. ఆసుపత్రి బ్యాడ్జి మీద ఆర్‌ఎన్ అనే ఉంటుంది గానీ ఏఏఎస్ అని రాయరు.

ఈ రెండేళ్ళ డిగ్రీ ఎలా పుట్టిందో తెలిస్తే ఈ పేర్ల గందరగోళం కొంత అర్థమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో నర్సుల కొరత తీవ్రంగా ఉండేది. అప్పట్లో నర్సులు ఎక్కువగా ఆసుపత్రుల సొంత స్కూళ్ళలో మూడేళ్ళు చదివి వచ్చేవారు. కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో మిల్డ్రెడ్ మాంటాగ్ అనే ఆవిడ, రెండేళ్ళలో కాలేజీలోనే నర్సుని తయారుచేయొచ్చని తన పరిశోధనలో ప్రతిపాదించారు. 1952లో కొన్ని జూనియర్ కాలేజీల్లో దాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. ఆవిడ ఊహించింది "టెక్నికల్ నర్సు" అనే విడి ఉద్యోగం. కానీ ఆ కాలేజీల్లో చదివినవాళ్ళు కూడా మిగతా నర్సులు రాసే లైసెన్సు పరీక్షే రాసి పాసయ్యారు. అలా రెండేళ్ళ చదువుకీ నాలుగేళ్ళ చదువుకీ ఒకే లైసెన్సు ఉండిపోయింది. బీఎస్‌ఎన్ తప్పనిసరి చేయాలా వద్దా అనే వాదన ఇప్పటికీ నడుస్తోందంటే దాని మూలం అక్కడే ఉంది.

మరి ఏఏఎస్‌కీ ఏఎస్‌కీ అసలు తేడా? నర్సింగ్ సబ్జెక్టుల్లో దాదాపు ఏమీ ఉండదు. రెండింటిలోనూ ఫండమెంటల్స్, మెడ్-సర్జ్ (పెద్దవాళ్ళ మెడికల్, సర్జరీ వార్డుల నర్సింగ్), ప్రసూతి, పిల్లల వార్డు, మెంటల్ హెల్త్ ఉంటాయి. తేడా ఉండేది మిగతా సబ్జెక్టుల్లో, అంటే ఇంగ్లీషు, మ్యాథ్స్, హిస్టరీ లాంటి జనరల్ ఎడ్యుకేషన్‌లో. ఏఏఎస్‌లో అప్లైడ్ అనే మాట ఉంది చూడండి, అది ఉద్యోగం కోసం కట్టిన డిగ్రీ. అందులో జనరల్ సబ్జెక్టులు తక్కువ, కొన్నిసార్లు తీసుకున్నవి కూడా యూనివర్సిటీలు ఒప్పుకోవు. ఏఎస్‌లో అవి ఎక్కువ ఉంటాయి, తర్వాత యూనివర్సిటీకి పట్టుకెళ్ళడం తేలిక.

నా సంగతే చెప్తాను. టెక్సస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీ నుంచి బ్యాచిలర్స్ డిగ్రీ రావాలంటే 42 క్రెడిట్ గంటల కోర్, అంటే అందరికీ తప్పనిసరైన జనరల్ సబ్జెక్టులు, పూర్తి చేయాలి. అందులో అమెరికా చరిత్ర ఆరు గంటలు, ప్రభుత్వ వ్యవస్థ గురించి ఆరు గంటలు. నా ఏఏఎస్‌లో ఇవేవీ లేవు. బీఎస్‌ఎన్‌లో చేరేటప్పుడు నైట్ షిఫ్టులు చేసుకుంటూ ఈ నాలుగు సబ్జెక్టులూ విడిగా చదవాల్సి వచ్చింది. ముందే తెలిసుంటే నర్సింగ్ సీటు కోసం ఎదురుచూసిన సెమిస్టర్లో పూర్తి చేసేదాన్ని. మీరు ఏఏఎస్‌లో చేరుతున్నా పర్లేదు, కానీ మ్యాథ్స్ తీసుకునేటప్పుడు కాలేజీ ఒప్పుకుంటే స్టాటిస్టిక్స్ తీసుకోండి. బీఎస్‌ఎన్‌కి చాలా చోట్ల అదే అడుగుతారు.

బోర్డు ఆమోదం, అక్రెడిటేషన్, పాస్ శాతం

ఈ మూడింటినీ కలిపేసి చూడటం వల్లే మోసపోయేవాళ్ళున్నారు. విడివిడిగా చూడండి.

బోర్డు ఆఫ్ నర్సింగ్ అనేది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. ఆ బోర్డు ఆమోదం లేని ప్రోగ్రాం చదివితే లైసెన్సు పరీక్షకి కూర్చోనివ్వరు. ప్రతి రాష్ట్ర బోర్డు తన వెబ్‌సైట్‌లో ఆమోదించిన ప్రోగ్రాముల జాబితా పెడుతుంది. కాలేజీ పేజీని కాదు, బోర్డు జాబితాని చూడండి. "కండిషనల్", "వార్నింగ్" లాంటి మాట పక్కన ఉంటే ఎందుకో కనుక్కోండి.

అక్రెడిటేషన్ వేరు. అది నర్సింగ్ చదువు నాణ్యతని చూసే జాతీయ సంస్థలు ఇచ్చేది. అసోసియేట్ డిగ్రీలకి ఇచ్చేవి ముఖ్యంగా ఏసీఈఎన్, ఎన్‌ఎల్‌ఎన్-సీఎన్‌ఈఏ. సీసీఎన్‌ఈ అనే ఇంకో సంస్థ ఉంది, అది బ్యాచిలర్స్, ఆ పైన మాత్రమే చూస్తుంది. కాబట్టి "మా ఏడీఎన్‌కి సీసీఎన్‌ఈ అక్రెడిటేషన్ ఉంది" అని ఎవరైనా అంటే అక్కడే ఆగి మళ్ళీ అడగండి. అక్రెడిటేషన్ లేకుండా బోర్డు ఆమోదం మాత్రమే ఉన్నా పరీక్ష రాయొచ్చు, కానీ కొన్ని యూనివర్సిటీలు బీఎస్‌ఎన్‌లో చేర్చుకోవు, కొన్ని ఆసుపత్రులు ఉద్యోగానికి పిలవవు. నేనైతే అక్రెడిటేషన్ లేని చోట చేరమని ఎవరికీ చెప్పను.

పాస్ శాతం అంటే ఆ కాలేజీ నుంచి మొదటిసారి ఎన్‌క్లెక్స్ రాసినవాళ్ళలో ఎంతమంది గట్టెక్కారని. ఇదీ బోర్డు వెబ్‌సైట్‌లోనే ఏటా పెడతారు. టెక్సస్ బోర్డు 80 శాతం, కాలిఫోర్నియా బోర్డు 75 శాతం కనీసంగా పెట్టుకున్నాయి. ఒక్క ఏడాది అంకె చూసి నిర్ణయించకండి, నాలుగైదేళ్ళవి వరసగా చూడండి. దాంతో పాటు చేరినవాళ్ళలో ఎంతమంది పూర్తి చేశారో కూడా అడగండి. అరవైమందిని చేర్చుకుని ముప్పైమందిని మధ్యలో తీసేసి, మిగిలినవాళ్ళతో 95 శాతం చూపించడం పెద్ద కష్టం కాదు.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఉంది. 2023 జనవరిలో అమెరికా న్యాయశాఖ ఆపరేషన్ నైటింగేల్ పేరుతో ఒక పెద్ద కుంభకోణం బయటపెట్టింది. ఫ్లోరిడాలో మూడు నర్సింగ్ స్కూళ్ళు క్లాసులూ క్లినికల్సూ లేకుండానే 7,600కి పైగా నకిలీ డిప్లొమాలు అమ్మాయి. కొన్నవాళ్ళలో కొందరు ఎన్‌క్లెక్స్ పాసై ఉద్యోగాల్లో కూడా చేరారు. తర్వాత వాళ్ళ లైసెన్సుల మీద రాష్ట్రాల బోర్డులు చర్యలు మొదలుపెట్టాయి. "క్లాసులకి రానక్కర్లేదు, ఆరునెలల్లో ఆర్‌ఎన్" అని ఎవరైనా వాట్సాప్‌లో పెడితే, దాన్ని పక్కవాళ్ళకి ఫార్వర్డ్ చేయకండి. మన చేతిలోకి వచ్చేది మనిషి ప్రాణం.

అసలు మీకు అసోసియేట్ డిగ్రీ కావాలా?

ఇండియాలో జీఎన్‌ఎం గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చేసి వచ్చినవాళ్ళు మళ్ళీ రెండేళ్ళ డిగ్రీలో చేరే ముందు ఆగండి. మీ చదువుని సీజీఎఫ్‌ఎన్‌ఎస్ (ఇప్పటి పేరు ట్రూమెరిట్) లాంటి సంస్థ ద్వారా మదింపు చేయించుకుని, రాష్ట్ర బోర్డు ఒప్పుకుంటే నేరుగా ఎన్‌క్లెక్స్ రాయొచ్చు. ఏదైనా సబ్జెక్టు తక్కువైందంటే అది మాత్రం పూర్తి చేయమంటారు. ఇంకా ఇండియాలోనే ఉంటే హైదరాబాద్‌లోనే పరీక్ష రాసే సెంటరు ఉంది. గుంటూరులో పదేళ్ళు ఐసీయూలో చేసిన ఒక చెల్లెమ్మ ఇక్కడికొచ్చి సీఎన్‌ఏగా పనిచేస్తూ ఏడీఎన్ కోసం ప్రీరిక్విజిట్స్ (చేరే ముందు పూర్తి చేయాల్సిన సబ్జెక్టులు) చదవడం చూశాను. ఎవరూ చెప్పలేదంది.

బీటెక్, బీకాం, బీఎస్సీ లాంటి డిగ్రీ ఉన్నవాళ్ళకి ఇంకో దారి ఉంది, యాక్సిలరేటెడ్ బీఎస్‌ఎన్. వేరే సబ్జెక్టులో బ్యాచిలర్స్ ఉన్నవాళ్ళకి 12 నుంచి 18 నెలల్లో బీఎస్‌ఎన్ ఇస్తారు. వినడానికి బాగుంటుంది. కానీ అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ ముందే పూర్తి చేసుండాలి, ఆ ఏడాదంతా ఉద్యోగం చేయడం కుదరదు, ప్రైవేటు యూనివర్సిటీల్లో ఫీజు 50 వేల డాలర్లు దాటడం మామూలే. ఇంట్లో చిన్నపిల్లలు ఉండి, ఒక్క జీతం మీద ఇల్లు నడుస్తుంటే నా ఓటు కమ్యూనిటీ కాలేజీకే. పిల్లలు లేరు, ఫీజు కట్టగలరు, త్వరగా కావాలి అంటే యాక్సిలరేటెడ్ చూడండి.

ఏ దారిలో వెళ్ళినా మీ ఇండియా డిగ్రీని డబ్ల్యూఈఎస్, ఈసీఈ లాంటి చోట మదింపు చేయించండి. ఏ సంస్థ రిపోర్టు కావాలో ముందు కాలేజీని అడిగాకే డబ్బు కట్టండి. ట్రాన్స్‌క్రిప్టులు మన యూనివర్సిటీ నుంచే వెళ్ళాలి కాబట్టి నెలలు పడుతుంది. సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ఆ పని చూసుకుని రండి.

వీసా సంగతి ముందే తేల్చుకోండి

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబసభ్యుల వీసా) మీద ఉన్నవాళ్ళు చదువుకోవచ్చు. చదువులో భాగంగా జీతం లేని క్లినికల్స్ చేయొచ్చు. కానీ ఈఏడీ, అంటే పనిచేయడానికి అనుమతి పత్రం, లేకుండా ఆర్‌ఎన్‌గా ఉద్యోగం చేయకూడదు. భర్తదో భార్యదో ఐ-140 (కంపెనీ పెట్టే గ్రీన్‌కార్డు పిటిషన్) ఆమోదమై ఉంటేనో, గ్రీన్‌కార్డు ప్రక్రియ వల్ల వాళ్ళ హెచ్-1బీ ఆరేళ్ళు దాటి పొడిగించి ఉంటేనో హెచ్-4 వాళ్ళకి ఆ ఈఏడీ వస్తుంది, 2015 నుంచి ఉన్న నియమం అది. "ముందు డిగ్రీ చేస్తే ఆసుపత్రివాళ్ళే హెచ్-1బీ చేస్తారు" అని చాలామంది అనుకుంటారు. హెచ్-1బీకి ఆ ఉద్యోగానికి కనీసం బ్యాచిలర్స్ అవసరమై ఉండాలి. మామూలు ఆర్‌ఎన్ ఉద్యోగానికి అసోసియేట్ డిగ్రీ చాలు కాబట్టి అది రావడం చాలా కష్టం. గ్రీన్‌కార్డు వైపు చూస్తే, నర్సులు "షెడ్యూల్-ఏ" అనే కొరత ఉద్యోగాల జాబితాలో ఉన్నారు, పెర్మ్ అనే కార్మికశాఖ అనుమతి మెట్టు అక్కర్లేదు. అయితే ఇండియాలో పుట్టినవాళ్ళకి ఈబీ-3 (నర్సులు మామూలుగా వచ్చే గ్రీన్‌కార్డు కేటగిరీ) వరస చాలా పొడుగ్గా ఉంది.

ఇంకో మూడు ప్రశ్నలు కాలేజీని అడగండి. మీ వీసా మీద ఇన్-స్టేట్ ఫీజు (రాష్ట్రవాసులకి ఉండే తక్కువ ఫీజు) వర్తిస్తుందా? కొన్ని కాలేజీలు ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్ళని నర్సింగ్‌లో తీసుకోవు, మీరు తీసుకుంటారా? సోషల్ సెక్యూరిటీ నంబరు లేకుండా క్లినికల్ సైట్ల బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఎలా చేస్తారు? ఫాఫ్సా అనే దరఖాస్తు ద్వారా వచ్చే ఫెడరల్ సహాయం పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకీ తప్ప హెచ్-4 వాళ్ళకి రాదు.

బీఎస్‌ఎన్ దాకా ఇప్పుడే గీత గీసుకోండి

ఏడీఎన్‌తో ఉద్యోగం వస్తుంది. నాతోపాటు చదివినవాళ్ళు ఇప్పటికీ ఏడీఎన్‌తోనే అద్భుతంగా పనిచేస్తున్నారు, ఒకే వార్డులో పక్కపక్కన నిలబడితే ఎవరికి ఏ డిగ్రీ ఉందో రోగికి తెలియదు. గంట జీతంలో తేడా కూడా కొద్దిగానే ఉంటుంది, కొన్నిచోట్ల అసలుండదు. కానీ కొన్ని తలుపులు తెరుచుకోవు. మాగ్నెట్ అనే నర్సింగ్ నాణ్యత గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో నర్స్ మేనేజర్ కావాలంటే నర్సింగ్‌లో కనీసం బ్యాచిలర్స్ ఉండాలి. ఆర్మీ నర్సు కావాలంటే బీఎస్‌ఎన్ తప్పనిసరి. నర్స్ ప్రాక్టిషనర్ (రోగిని పరీక్షించి మందులు రాసే నర్సు) వైపు వెళ్ళాలన్నా మామూలుగా అదే మెట్టు. న్యూయార్క్‌లో 2017 డిసెంబరులో చట్టమే చేశారు. అప్పటికే లైసెన్సు ఉన్నవాళ్ళనీ కోర్సులో ఉన్నవాళ్ళనీ మినహాయించి, కొత్తగా ఆర్‌ఎన్ అయ్యేవాళ్ళు పదేళ్ళలోపు నర్సింగ్ బ్యాచిలర్స్ పూర్తి చేయాలి.

డిగ్రీ కాగితం కోసమేనా ఇదంతా అని కొందరు విసుక్కుంటారు. 2003లో లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియా ఆసుపత్రుల్లో సర్జరీ రోగుల వివరాలు చూసింది. బ్యాచిలర్స్ ఉన్న నర్సుల వాటా 10 శాతం పెరిగినచోట రోగి చనిపోయే అవకాశం 5 శాతం తక్కువగా కనిపించింది. దీనర్థం రెండేళ్ళు చదివిన నర్సు తక్కువని కాదు. ఆ మిగతా చదువులో నేర్చుకునేది రోగికి పనికొస్తుందని నేను అర్థం చేసుకున్నాను, బీఎస్‌ఎన్ చేశాక నాకది అనుభవంలోకి కూడా వచ్చింది.

కాబట్టి రెండు కాలేజీల్ని పోల్చేటప్పుడు ఇలా చేయండి. మీరు తర్వాత చదవాలనుకునే ఆర్‌ఎన్-టు-బీఎస్‌ఎన్ ప్రోగ్రాం ఒకటి ఇప్పుడే ఎంచుకోండి. టెక్సస్‌లోనైతే ఆర్లింగ్టన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కి ఆన్‌లైన్ ప్రోగ్రాం ఉంది. వెస్టర్న్ గవర్నర్స్ యూనివర్సిటీది కూడా చాలామంది చేస్తారు. ఫ్లోరిడాలో, టెక్సస్‌లో కొన్ని కమ్యూనిటీ కాలేజీలే బీఎస్‌ఎన్ కూడా ఇస్తున్నాయి. ఆ ప్రోగ్రాం అడ్వైజర్‌కి రెండు అసోసియేట్ డిగ్రీల సబ్జెక్టుల పట్టికలూ పంపి, "ఇది చదివి వస్తే ఇంకా ఎన్ని క్రెడిట్లు మిగులుతాయి? అది చదివి వస్తే ఎన్ని?" అని అడగండి. ఏఏఎస్‌కి 45, ఏఎస్‌కి 33 అని జవాబు వచ్చిందనుకోండి, ఆ 12 క్రెడిట్లే ఆ రెండు పేర్ల మధ్య మీకున్న తేడా. మొదట ఫోన్ చేసిన చెల్లెలు ఆ తేడా కోసం రెండేళ్ళు రోజూ ఎనభై నిమిషాలు కారులో గడపాలా? నాకైతే అక్కర్లేదనిపిస్తుంది. ఆ నాలుగు సబ్జెక్టులు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చదివేయొచ్చు. దూరపు కాలేజీ పాస్ శాతం బాగా ఎక్కువైతే మాత్రం డ్రైవ్ చేయమంటాను.

ఖర్చు, సీటు

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో ఆ రాష్ట్రవాసులకి యూనిట్‌కి 46 డాలర్లు. 70 యూనిట్లకి 3,220 డాలర్లు. దానికి పుస్తకాలు, యూనిఫాం, స్టెత్, బ్యాక్‌గ్రౌండ్ చెక్, పరీక్షల ఫీజులు కలపాలి. అదే ఏడీఎన్‌ని ప్రైవేటు కాలేజీలు పదింతలకి పైగా కూడా అమ్ముతాయి, ఎందుకంటే అక్కడ సీటు వెంటనే దొరుకుతుంది. ప్రభుత్వ కాలేజీలో సీటు దొరకడమే కష్టం. కొన్ని పాయింట్లు లెక్కేసి ఇస్తాయి, కొన్ని లాటరీ తీస్తాయి, కొన్ని వెయిటింగ్ లిస్టు పెడతాయి. పాయింట్లయితే మార్కుల మీద శ్రద్ధ పెట్టండి. లాటరీ, వెయిటింగ్ లిస్టు అయితే రెండు మూడు కాలేజీలకి ఒకేసారి అప్లై చేసుకోండి.

ప్రీరిక్విజిట్స్‌లో అనాటమీ ఫిజియాలజీ ఒకటి, రెండు, మైక్రోబయాలజీ దాదాపు అన్నిచోట్లా ఉంటాయి. వీటిలో బీ తెచ్చుకుని సరిపెట్టుకోకండి, సీటు ఇక్కడే తేలిపోతుంది. సైన్సు సబ్జెక్టులకి ఐదేళ్ళో ఏడేళ్ళో గడువు పెట్టే కాలేజీలు చాలా ఉన్నాయి. మధ్యలో కాన్పు కోసమో ఊరు మారడం వల్లో ఆగితే ఆ గడువు గుర్తుపెట్టుకోండి.

ప్రవేశ పరీక్షగా టీస్ గానీ హెసీ ఏ2 గానీ అడుగుతారు. టీస్‌లో 170 ప్రశ్నలు, 209 నిమిషాలు. చదివి అర్థం చేసుకోవడం, మ్యాథ్స్, సైన్సు, ఇంగ్లీషు. మ్యాథ్స్ మనవాళ్ళకి తేలికే, తొమ్మిదో తరగతి లెక్కలు. చాలామంది తడబడేది ఇంగ్లీషు భాగంలో. 37 ప్రశ్నలకి 37 నిమిషాలే. నెలరోజులు ఆ ఒక్క భాగం మీదే కూర్చోండి.

సీటు వచ్చాక

సీటు లెటర్‌తో పాటు టీకాల జాబితా వస్తుంది. ఇక్కడ మనవాళ్ళకి ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. మన భుజం మీద బీసీజీ మచ్చ ఉంటుంది కదా, ఆ టీకా వేయించుకున్నవాళ్ళకి చర్మం మీద చేసే టీబీ టెస్టు పాజిటివ్ రావచ్చు. తర్వాత ఎక్స్‌రే, డాక్టరు లెటరు, బోలెడంత టెన్షన్. మొదటే క్వాంటిఫెరాన్ లాంటి రక్తపరీక్ష చేయించమని అడగండి, దానికి బీసీజీతో సంబంధం లేదు. హెపటైటిస్ బీ మూడు డోసుల టీకా పూర్తవడానికి ఆరునెలలు పడుతుంది, సీటు కోసం ఎదురుచూసే సమయంలోనే మొదలుపెట్టండి. చిన్నప్పటి టీకాల కార్డు దొరకదు కాబట్టి తట్టు, గవదబిళ్ళలు, ఆటలమ్మకి రక్తంలో టైటర్లు (రోగనిరోధక శక్తి ఉందని చూపే పరీక్ష) చూపిస్తే సరిపోతుంది.

క్లినికల్ ఉన్న రోజు ఉదయం ఆరున్నరకే ఆసుపత్రిలో ఉండాలి. పిల్లల్ని బస్సెక్కించేది ఎవరో ముందే తేల్చుకోండి. మా అమ్మ విజయవాడ నుంచి వచ్చి ఆరునెలలు ఉన్నారు. మొదటి సెమిస్టర్‌కి పిలిపించాను, అది పొరపాటు. మెడ్-సర్జ్ మొదలయ్యే సమయానికి ఆవిడ విజిటర్ గడువు అయిపోయింది. అమ్మానాన్నల్నో అత్తమామల్నో పిలవాలనుకుంటే ఆ సెమిస్టర్ కోసం దాచుకోండి. మందుల డోసు లెక్కల పరీక్షలో 90 శాతం, కొన్నిచోట్ల నూటికి నూరు రావాలి. రెండు నర్సింగ్ సబ్జెక్టుల్లో ఫెయిలైతే ప్రోగ్రాం నుంచి తీసేసే కాలేజీలు ఎక్కువ. ఆ నియమం మీ కాలేజీలో ఎలా ఉందో స్టూడెంట్ హ్యాండ్‌బుక్‌లో చదివాకే సంతకం పెట్టండి.

చివరి సెమిస్టర్లో బోర్డుకి లైసెన్సు అప్లికేషన్, పరీక్ష నిర్వహించే పియర్సన్ వ్యూలో ఎన్‌క్లెక్స్ రిజిస్ట్రేషన్ 200 డాలర్లు. టెక్సస్‌లో చట్టం మీద జ్యూరిస్‌ప్రుడెన్స్ అనే చిన్న పరీక్ష కూడా ఉంటుంది. 2023 ఏప్రిల్ నుంచి ఎన్‌క్లెక్స్ కొత్త పద్ధతిలో నడుస్తోంది, 85 నుంచి 150 ప్రశ్నలు, ఐదు గంటలు, మధ్యలో రోగి కథనంతా ఇచ్చి అడిగే కేస్ స్టడీలు. రిజిస్టర్ చేసుకునేటప్పుడు మీ పేరు ఐడీ మీద ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే రాయాలి. మన మార్కుల మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, కొందరి వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ, అంటే "మొదటి పేరు తెలియదు", అని పడుతుంది. కాలేజీలో చేరిన మొదటి రోజునే అన్ని కాగితాల్లో పేరు ఒకేలా చేయించుకోండి, పరీక్ష సెంటరు గుమ్మం దగ్గర సరిచేయడం కుదరదు.

లైసెన్సు ఏ రాష్ట్రంలో తీసుకోవాలనేది మీరు నివసించే చోటుని బట్టి ఉంటుంది. 40కి పైగా రాష్ట్రాలూ ప్రాంతాలూ కాంపాక్ట్ అనే నర్సు లైసెన్సుల ఒప్పందంలో ఉన్నాయి, టెక్సస్, ఫ్లోరిడా, జార్జియా, న్యూజెర్సీ అందులోవే. వాటిలో నివాసం ఉండి మల్టీస్టేట్ లైసెన్సు తీసుకుంటే మిగతా సభ్య రాష్ట్రాల్లోనూ పనిచేయొచ్చు. కాలిఫోర్నియా, న్యూయార్క్ అందులో లేవు. ఇంట్లోవాళ్ళ ప్రాజెక్టు బే ఏరియాకి మారే సూచనలుంటే కాలిఫోర్నియా బోర్డుకి ఎండార్స్‌మెంట్ (ఉన్న లైసెన్సు ఆధారంగా అక్కడి లైసెన్సు అడిగే) అప్లికేషన్ ముందే పెట్టుకోండి. సామాను సర్దడం మొదలుపెట్టాక పెడితే లైసెన్సు చేతికొచ్చేదాకా అక్కడ ఖాళీగా కూర్చోవాలి.